తమ్ముడు కట్టిన తాడు

నా తమ్ముడు పోయి నెల దాటాక ఒక సాయంత్రం, వాడు పనిచేసిన డిపో నుంచి ఇద్దరు డ్రైవర్లు మా ఇంటికి వచ్చారు. పరామర్శకు వచ్చారనుకుని కుర్చీలు వేశాను. కూర్చున్నారు. పెద్దాయన వ్యాను తాళాలు వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు. రెండో అతను నేను దిద్దుతున్న పరీక్ష కాగితాల వైపు, తనకే తక్కువ మార్కులు వచ్చినట్టు, బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు.

"చెప్పు బాబాయ్," అన్నాడతను.

"నువ్వేగా చెప్తానన్నావు?"

"నేను తోడొస్తానన్నాను. చెప్తానని ఎప్పుడన్నాను?"

ఆ వాదన వినగానే ఎవరు ఎవరో తెలిసిపోయింది. తమ్ముడు అన్నం తింటూ రోజూ వీళ్ళ కబుర్లే చెప్పేవాడు. పెద్దాయనను డిపోలో అందరూ బ్రేకు బాబాయ్ అంటారు. బండి ముందు ఆకు రాలినా బ్రేకు మీద కాలేస్తాడట. రెండో అతనిది ఇంకో పేరు. తొందర. తాళం తిప్పకముందే గేరు మారుస్తాడని తమ్ముడు నవ్వేవాడు.

చివరికి బాబాయే గొంతు సవరించుకున్నాడు.

"టీచరమ్మా, మీరొక తాడు విప్పాలి."

నాకు అర్థం కాలేదు. వాళ్ళు ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పిన దాన్ని నేను వరసలో పెట్టుకోవడానికి కొంత సేపు పట్టింది.

వాళ్ళ వ్యాన్లు ఊపిరి అందని రోగుల ఇళ్ళకు ఆక్సిజన్ సిలిండర్లు చేరుస్తాయి. ఎక్కడైనా రోడ్డు కోసుకుపోయినా, అంచు జారినా, బండి దించాలా వద్దా అన్నది డ్రైవరు ఒక్కడే అక్కడికక్కడ తేల్చుకోవాలి. వద్దనుకుంటే, సిలిండర్లు కట్టే నీలం తాడు ముక్క ఒకటి తీసి వీధి మొదట్లో ఉన్న స్తంభానికి కడతాడు. తర్వాత వచ్చే వాళ్ళు ఆ తాడు చూసి బండి అక్కడే ఆపుతారు. అక్కణ్ణుంచి సిలిండరు భుజాల మీద పోతుంది. ఎందుకు కట్టావని ఎవరూ అడగరు. అడిగితే, ప్రాణం కాపాడుకున్నందుకు సంజాయిషీ ఇమ్మన్నట్టు ఉంటుందని వాళ్ళ లెక్క. కట్టినవాడే మళ్ళీ వచ్చి విప్పాలి. విప్పినవాడు, మిగతా వాళ్ళకంటే ముందు తాను బండిలో ఆ రోడ్డు దాటాలి. ఇది ఎక్కడా రాసి లేదు. అయినా సూపర్‌వైజరు కూడా దాని జోలికి రాడు.

"మీ తమ్ముడు కాలవగట్టు వీధిలో ఒకటి కట్టాడమ్మా," అన్నాడు బాబాయ్. "కట్టిన వారానికే..." అని ఆగి, తాళాలు జేబులో వేసుకున్నాడు. "ఇప్పుడు విప్పేవాడు లేడు. ఏం చేయాలో మాకు పాలుపోవట్లేదు."

"ఎందుకు కట్టాడు?"

"అదే తెలియట్లేదు. వానల్లేవు. ఎండ మండిపోతోంది. రోడ్డు చూస్తే అద్దంలా ఉంది."

"అయితే మీరే విప్పేయొచ్చు కదా?"

ఇద్దరూ నా వైపు, పిల్లాడు అనకూడని మాట అంటే చూసినట్టు చూశారు.

"వాడేదో చూసే కట్టాడు," అన్నాడు తొందర. "మేం చూడలేకపోయింది వాడు చూశాడేమో! సొంత అక్క గదా, మీరు విప్పితే వాడు విప్పినట్టేనని బాబాయ్ అన్నాడు."

"నేనెక్కడన్నాను? అన్నది నువ్వు. నేను 'చూద్దాం' అన్నాను."

ఆ వీధి చివర ఒకే ఒక్క ఇంటికి సిలిండరు వెళుతుందట. కుట్టు పెద్దమ్మ అని ఒకావిడ. ఇన్నాళ్ళూ ఇద్దరు మనుషులు ఆ ఏటవాలులో సిలిండరు మోసుకుపోతున్నారు. మొన్న తొందర కాలు మడత పడింది. ఇప్పుడు సూపర్‌వైజరు ఒక మాట తేల్చేశాడు. శనివారం లోపల బండి ఆ ఇంటి ముందుకు వెళ్ళాలి, లేదా ఆ ఇంటిని తమ జాబితాలోంచి తీసేస్తాడు. ఒక్క ఇంటికి ఇద్దరిని పంపించి మిగతా ఊరిని ఆపలేనన్నాడు.

"తీసేస్తే ఆవిడ?"

"వేరే ఎవరినో చూసుకోవాలి. ఎవరున్నారు?" అన్నాడు బాబాయ్.

రేపు వచ్చి రోడ్డు చూస్తానన్నాను. వాళ్ళు వెళ్ళాక పరీక్ష కాగితాలు మళ్ళీ ముందు వేసుకున్నాను. ఒక జవాబుకు రెండుసార్లు మార్కులు వేసి, కొట్టేసి, పెన్ను పక్కన పెట్టాను.

తమ్ముడు పెరట్లో మొహం కడుక్కుంటూ పడిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "ఈమధ్య ఎప్పుడైనా కళ్ళు తిరుగుతున్నాయన్నాడా? తూలడం, నేల కదిలినట్టనిపించడం, అలాంటివి?" అని అడిగాడు. నాకు తెలిసి లేదని చెప్పాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ అప్పటి నుంచి ఆ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది, క్లాసులో ఎవరూ జవాబు చెప్పని ప్రశ్నలాగా.

*

మర్నాడు బడి వదిలాక కాలవగట్టు వీధికి వెళ్ళాను. బాబాయ్, తొందర అప్పటికే స్తంభం దగ్గర నిలబడి ఉన్నారు. వీధి అక్కడి నుంచి కిందికి దిగుతుంది. ఒక పక్క ఇళ్ళ వెనక గోడలు, ఇంకో పక్క కాలవ. మధ్యలో ఒక మలుపు. మలుపు దగ్గర తారు మిగతా రోడ్డుకంటే నల్లగా ఉంది. కిందటేడు అక్కడ పైపు పగిలితే తవ్వి పూడ్చారట. కాలవ వైపు గోడ నడుము ఎత్తు కూడా లేదు. సిలిండర్లు నింపుకున్న బండి అక్కడ ఒరిగితే ఆపడానికి ఏదీ లేదు.

స్తంభానికి నీలం తాడు నా భుజం ఎత్తులో ఉంది. దుమ్ము పట్టి రంగు తగ్గింది. ముడి చూసి నేను ఒక్క క్షణం తల తిప్పుకున్నాను. అది బూటు లేసు ముడి. రెండు కుందేలు చెవులు. బడిలో చేరిన కొత్తలో వాడికి అరుగు మీద కూర్చోబెట్టి నేర్పింది నేనే. ఒక కొస పట్టి లాగితే ఊడిపోతుంది.

"మేమైతే బిగించి ముడి మీద ముడి వేస్తాం," అన్నాడు తొందర. "కత్తితో కోయాల్సిందే. వాడొక్కడే ఇట్లా పూల బొకేకి కట్టినట్టు కడతాడు. ఏడిపించేవాళ్ళం."

"తొందరగా విప్పేద్దామనుకున్నాడేమో," అన్నాను.

"ఏమో!" అన్నాడు బాబాయ్. ఆ రోజంతా అందరం ఆ మాటే అన్నాం.

మలుపు దగ్గరికి నడిచాం. బాబాయ్ జాకీ రాడ్డు తెచ్చాడు. దాంతో తారు మీద కొట్టి వింటారట. ఖంగుమంటే గట్టి నేల. మొద్దుగా మోగితే లోపల మట్టి జారి ఖాళీ అయినట్టు. ఆయన వంగి, నల్లటి తారు మీద అడుగడుగునా కొట్టుకుంటూ వెళ్ళాడు. ఒకచోట ఆగాడు.

"ఇదుగో. డొల్ల."

తొందర రాడ్డు లాక్కుని అక్కడే కొట్టాడు. "ఎక్కడ డొల్ల? రాయిలా ఉంది. నీ చెవే డొల్ల."

"నా చెవి నీకన్నా ముందు పుట్టింది."

"అందుకే అరిగిపోయింది. టీచరమ్మా, మీరు వినండి."

నేను చీర కుచ్చిళ్ళు పట్టుకుని వంగి విన్నాను. మొదటిసారి డొల్లగా వినిపించింది. రెండోసారి గట్టిగా వినిపించింది. మూడోసారి కొట్టమన్నాను. అప్పుడు ఎవరి ఇంట్లోనో కుక్కరు కూత వేసింది, ఏమీ వినపడలేదు. ముగ్గురం నిటారుగా నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"రోడ్ల ఆఫీసు మేస్త్రి వచ్చి చూశాడు," అన్నాడు తొందర. "ఏనుగుల్ని నడిపించుకోండన్నాడు."

"వాడు స్కూటరు దిగకుండా అన్నాడు," అన్నాడు బాబాయ్.

"తమ్ముడు ఆ తర్వాత వేరే వీధుల్లో ఎక్కడైనా తాడు కట్టాడా?" అని అడిగాను. నా గొంతు మామూలుగానే ఉందనుకుంటాను.

బాబాయ్ ఆలోచించాడు. "లేదమ్మా. ఇదొక్కటే."

వీధి చివర కుట్టు పెద్దమ్మ ఇల్లు ఒకే గది. మంచం కిటికీకి ఆనుకుని ఉంది. మంచం పక్కన సిలిండరు, దాని నుంచి ముక్కు దాకా సన్నటి గొట్టం. ఒకప్పుడు ఆ వీధి పెళ్ళికూతుళ్ళందరి జాకెట్లూ ఆవిడే కుట్టిందట. ఇప్పుడు మిషను మీద దుప్పటి కప్పి ఉంది. చేతిలో మాత్రం ఎవరిదో చొక్కా, సూది ఉన్నాయి. ఊపిరి చూసుకుంటూ, నాలుగు మాటలకోసారి ఆగి మాట్లాడుతుంది.

"నువ్వు వాడి అక్కవా? రా అమ్మాయ్, కూర్చో. వాడి చొక్కా పైగుండీ ఎప్పుడూ ఊడే ఉండేది. నేనే కుట్టేదాన్ని. ఇంట్లో అక్క కుట్టదా అంటే, మా అక్క గుండీ కుట్టే ముందు పాఠం చెప్తుంది పెద్దమ్మా అన్నాడు."

డ్రైవర్లిద్దరూ గుమ్మం దగ్గర నవ్వాపుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

"ఆ రోజు ఏం జరిగింది పెద్దమ్మా? తాడు కట్టిన రోజు?"

ఆవిడ సూది చొక్కాకు గుచ్చి పక్కన పెట్టింది.

"ఈ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మలుపులో బండి ఆపాడు. దిగాడు. వంగి రోడ్డు మీద అరచెయ్యి పెట్టాడు. పిల్లల నుదురు మీద పెట్టి జ్వరం చూస్తామే, అట్లా. చాలాసేపు ఉన్నాడు. తర్వాత ఈ కిటికీ దగ్గరికొచ్చి, పెద్దమ్మా, ఇప్పుడు నేల కదిలిందా అని అడిగాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? దగ్గొస్తే నాకు మంచం, గోడ, ఇల్లు, అన్నీ కదుల్తాయి నాయనా, నన్నడుగుతావేంటి అన్నాను. నవ్వాడు. మంచినీళ్ళు తాగి గుమ్మంలో కాసేపు కూర్చున్నాడు. బండిని మెల్లిగా వెనక్కి పోనిచ్చి, పైన స్తంభానికి ఏదో కట్టి, సిలిండరు భుజాన వేసుకుని వచ్చాడు. ఎందుకమ్మాయ్, నేను కదిలిందని చెప్పాల్సిందా?"

"లేదు పెద్దమ్మా. మీరు చెప్పింది సరిగ్గానే ఉంది."

తిరిగి వచ్చేటప్పుడు మలుపులో నేను కొంచెం వెనకబడ్డాను. రోడ్డు పాడైతే, తమ్ముడు సరిగ్గా చూశాడు. రోడ్డు బాగుంటే, తమ్ముడు బాగాలేడు. నేల కాదు, వాడే కదిలాడు. అది వాడికి తెలియలేదు, మాకూ తెలియలేదు. ఒక మంచి రోడ్డు చెడ్డదై ఉండాలని నేను కోరుకుంటున్నట్టు అప్పుడు గమనించాను. అదే నిజమైతే కిటికీలోంచి చూసే ఆవిడకు శనివారం తర్వాత సిలిండరు రాదు.

"ఏమంటారు టీచరమ్మా?" అన్నాడు తొందర, స్తంభం దగ్గర.

"ఏమో!" అన్నాను.

*

శనివారం బడి ఒక పూటే. మధ్యాహ్నం స్తంభం దగ్గరికి వెళ్ళేసరికి నిండు బండి వీధి మొదట్లో ఆగి ఉంది. సూపర్‌వైజరు కూడా వచ్చాడు. నాకు దండం పెట్టి, తమ్ముడి గురించి రెండు ముక్కలు సరిగ్గానే మాట్లాడి, తర్వాత గడియారం చూసుకున్నాడు. ఆయనను తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

తాడు ముందు నిలబడ్డాను. నాకు నిశ్చయంగా తెలిసింది ఏమీ లేదు. క్లాసులో ఐతే, తెలియనప్పుడు తెలియదని రాయండి, ఊహించి రాయకండి అని చెబుతాను. ఇక్కడ తెలియదని రాసి లేచి వెళ్ళడానికి లేదు. విప్పకపోవడం కూడా ఒక జవాబే.

కొస పట్టి లాగాను. ఒక చెవి జారింది, రెండోది జారింది, తాడు నా చేతిలోకి వచ్చేసింది. అంత తేలిగ్గా వస్తుందని తెలిసినా, తెలియనట్టే అనిపించింది.

"విప్పినవాళ్ళు ముందు దాటాలి కదా, నేను బండి ఎక్కుతాను," అన్నాను.

"మీరెందుకమ్మా, ఏదో మాట వరసకి..." అన్నాడు తొందర.

"ఎక్కనివ్వరా," అన్నాడు బాబాయ్. "పద్ధతంటే పద్ధతే."

బాబాయ్ నడిపాడు. నేను మధ్యలో, తొందర తలుపు పక్కన. అది తమ్ముడు నడిపిన బండే అని ఎక్కాక తెలిసింది. అద్దం కింద నీళ్ళ సీసా పెట్టే చోట వాడు వైరు వంచి చేసిన చుట్ట అలాగే ఉంది. అందులో ఎవరిదో సగం తాగిన సీసా.

బండి నడకకంటే నెమ్మదిగా దిగింది. వెనక సిలిండర్లు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. ఇళ్ళ గోడలు, ఒక మూసిన గేటు, తర్వాత మలుపు. ముందు చక్రాలు నల్లటి తారు మీదికి వెళ్ళాయి.

నేల కదిలింది.

కుడి పక్కకు, కొంచెం. నా అరికాళ్ళ కింద ఏదో జారినట్టు, బండి కాలవ వైపు తూగినట్టు.

"ఆపండి! కదిలింది."

బాబాయ్ బ్రేకు వేశాడు. ఇంజను ఆపేశాడు. కాలవలో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నాకేం తెలియలేదు," అన్నాడు తొందర మెల్లిగా. "బాబాయ్, నీకు?"

బాబాయ్ తలుపు తీసి, వంగి చక్రం వైపు చూశాడు. దిగి, బండి చుట్టూ తిరిగి, తారు అంచు వెంబడి కాలుతో నొక్కుకుంటూ వచ్చాడు. మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు.

"కదల్లేదమ్మా."

"మొన్న డొల్ల అన్నారు కదా?"

"లోపల డొల్లేమో, ఇప్పటికీ నాకు అనుమానమే. కానీ ఇప్పుడు కదల్లేదు. అదుగో, సీసాలో నీళ్ళు చూడండి."

నీళ్ళు కదలడం లేదు. అంచు గీసినట్టు ఉంది. ఆకు రాలితే బ్రేకు వేసే మనిషి కదల్లేదంటున్నాడు. రాయిలా ఉందన్న మనిషీ కదల్లేదంటున్నాడు. కదిలిందంటున్నది నేనొక్కదాన్ని.

"నిజంగానా?"

"నిజంగా," అన్నాడు బాబాయ్. తర్వాత నా మొహం చూసి అడిగాడు. "టీచరమ్మా, మీరు పొద్దుట్నుంచి ఏమైనా తిన్నారా?"

తినలేదు. రాత్రి కూడా సరిగ్గా తినలేదు. కొన్నాళ్ళుగా బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క వణుకుతోంది. పిల్లలు చూసి కూడా ఏమీ అనడం లేదు. ఇవేవీ ఆయనకు చెప్పలేదు. తల అడ్డంగా ఊపానంతే. తొందర జేబులోంచి బిస్కెట్ల పొట్లం తీసి, రెండు తానే నోట్లో వేసుకుని, మిగతాది నా ఒడిలో పెట్టాడు.

నేను బిస్కెట్టు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఒంటరిగా ఉండి ఉంటే ఏం చేసేదాన్ని? బండి దిగేదాన్ని. రోడ్డు మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. కిటికీలో ఎవరైనా కనబడితే, నేల కదిలిందా అని అడిగేదాన్ని. కదిలింది నేలో నేనో తేలక, పైకి వెళ్ళి తాడు కట్టేదాన్ని. వాడు తెలివైన పనే చేశాడు. ఆ రోజు వాడి పక్క సీటులో ఎవరూ లేరు. ఏమైనా తిన్నావా అని అడగడానికి కూడా.

లేదా రోడ్డు ఆ రోజు నిజంగానే కదిలి, తర్వాత సర్దుకుని ఉండవచ్చు. అదీ కాదనలేను.

"వెనక్కి పోనివ్వమంటారా?" అన్నాడు బాబాయ్. "మీదే మాట. మళ్ళీ కట్టేస్తానంటే కట్టేయండి. ఎవ్వరం ఎందుకని అడగం."

తాడు నా చేతికి చుట్టుకుని ఉంది.

"మీ ఇద్దరికీ తెలియలేదు కదా?"

"లేదు."

"అయితే పోనివ్వండి. కానీ ఇక మీదట ఈ వీధిలోకి ఒక్కరే రాకండి. బండిలో ఇద్దరుండాలి. ఆ మాట మీదే ఈ తాడు మళ్ళీ కట్టడం లేదు."

"ఇద్దరంటే సూపర్‌వైజరు తల పట్టుకుంటాడు," అన్నాడు బాబాయ్.

"ఎందుకు పట్టుకోవాలి?" అన్నాడు తొందర. "నా బండి ఎట్లాగూ ఆ పై రోడ్డు మీదే పోతుంది. పైన ఆపి నీ బండిలో దిగొస్తా. టీ తాగేంత సేపు. ఆ టీ ఏదో పెద్దమ్మ దగ్గరే తాగుదాం."

"నీకు టీ పెట్టడానికి ఆవిడకి ఊపిరెక్కడుంది? నువ్వే పెట్టు."

బాబాయ్ ఇంజను తిప్పాడు. బండి మలుపు దాటింది. పెద్దమ్మ కిటికీలోంచి మమ్మల్ని చూసి చొక్కా పట్టుకున్న చెయ్యి ఊపింది. తొందర సిలిండరు దించుతుంటే ఆవిడ నాతో, "బండి ఇంటి ముందాగితే ఎంత బాగుందో అమ్మాయ్," అంది. ఆగి, ఊపిరి తీసుకుంది. "నీ తమ్ముడికేం కనిపించిందో తేలిందా?"

"తేలలేదు పెద్దమ్మా."

ఆవిడ తల పంకించింది. సూది మళ్ళీ అందుకుంది.

ఖాళీ సిలిండరు బండిలో నిలబెట్టి, కట్టడానికి తాడు కోసం బాబాయ్ వెతికాడు. చేతికి చుట్టుకున్నది విప్పి ఇచ్చాను. ఆయన దాన్ని ఒకసారి చూసి, సిలిండరు చుట్టూ బిగించి, ముడి మీద ముడి వేశాడు.

తిరుగు ప్రయాణంలో మలుపు దగ్గరికి వచ్చాం. వాళ్ళిద్దరూ నన్ను చూస్తున్నారు. నేను సీసాలో నీళ్ళు చూస్తున్నాను.

"కదిలిందా?" అన్నాడు తొందర.

"తెలియదు," అన్నాను. "మీకు?"

"లేదు."

"బాబాయ్?"

"లేదమ్మా."

"సరే, పోనివ్వండి."